ఆంగ్లేయుల కాలమున రాజ్యాంగ సంస్కరణలు : జమాఖర్చుల విచారణ

భారతదేశమును ఇంగ్లీషు పార్లమెంటు స్వయముగా నేలిన కాలము 1858 మొదలు 1947 వఱకు, అనగా సుమారు తొంబది సంవత్సరములు. ఆ కాలమున 1861, 1892, 1909, 1919, 1935 సంవత్సరములందు ఐదు పర్యాయములు పార్లమెంటు పెద్ద చట్టములను జేసి, దేశపాలనమున భారతీయులకు కొంత కొంత పాలు పంచుచున్నట్లు ప్రకటించెను. ఈ సంస్కరణలను గూర్చి లోకమున రెండభిప్రాయములు ప్రబలియున్నవి. ఇంగ్లీషువారు చేయిపట్టి ఓనమాలు దిద్దించి భారతీయులకు ప్రజాప్రభుత్వమును నేర్పిరని కొందఱందురు. అవి యన్నియు కంటితుడుపులనియు, ఏడ్చు బిడ్డ చేత బెట్టిన లక్కపిడతలనియు మఱికొందఱందురు.

రెండు వాదములకును ఆధారములు లేకపోలేదు. కాని జమ పుటను మాత్రము చూచి సంతోషించువానికిని, ఖర్చు పుటను మాత్రము చూచి దుఃఖించువానికిని నిల్వ యెంతయో తెలియదు. రెండు పుటలును చూడవలెను. అందుకు ముందుగా ఒక కొలత యుండవలెను.

ఆ కొలత ప్రాచీనుల గ్రంథములందే కలదు. స్వామి, అమాత్యుడు, జనపదము, దుర్గము, కోశము, దండము, మిత్రుడు అని రాజ్యమునకు ఏడంగములను వారు చెప్పిరి. శాంతిపర్వమున ధర్మరాజునకు రాజనీతి నుపదేశించిన భీష్ముడును, అర్థశాస్త్రమును రచించిన కౌటిల్యుడును కోశమునకు పెద్దపీట వేసిరి. కోశము చేతలేని అమాత్యుడు నీరులేని చెఱువునకు కాపరి వంటివాడు. కావున ప్రతి సంస్కరణను మూడు ప్రశ్నలతో పరీక్షింపవచ్చును. దానివలన ఎందఱికి నోరు వచ్చెను? ఆ నోటిమాట చెల్లినదా? బొక్కసపు తాళపుచెవి ఎవరి మొలను ఉండెను?

తొలి మెట్లు : 1861, 1892

1857 నాటి తిరుగుబాటు అణగిన పిమ్మట కంపెనీ ప్రభుత్వము తొలగి, 1858లో రాణి ప్రభుత్వమేర్పడెను. పాలితుల మనసులో నేమున్నదో తెలియకపోవుటయే తిరుగుబాటునకొక కారణమని పాలకులలో కొందఱు గ్రహించిరి. దాని ఫలమే 1861 నాటి ఇండియా కౌన్సిళ్ల చట్టము. శాసనములు చేయునపుడు మాత్రము వైస్రాయి సభలో ఆరుగురికి తక్కువ గాక, పండ్రెండుగురికి మించక అదనపు సభ్యులు కూర్చుండవచ్చుననియు, అందు సగమునకు తగ్గకుండ ఉద్యోగులు కానివారు ఉండవలెననియు ఆ చట్టము విధించెను. 1862లో పటియాలా మహారాజు, కాశీరాజు, సర్ దినకరరావు ఆ సభలో కూర్చుండిరి. వారిని ప్రజలు ఎన్నుకొనలేదు, ప్రభుత్వము నియమించెను. వారు పాలనమును గూర్చి ప్రశ్న వేయరాదు. ఆదాయవ్యయములను చర్చింపరాదు. తమ యెదుట పెట్టబడిన శాసనమును గూర్చి మాత్రము అభిప్రాయము చెప్పవచ్చును. దుక్కి దున్ని శిస్తు చెల్లించు రైతు పక్షమున మాటలాడువాడు అందొక్కడును లేడు.

ఐనను జమ కట్టవలసిన దొకటి కలదు. 1833లో మద్రాసు, బొంబాయి రాజధానులు కోల్పోయిన శాసనాధికారము 1861లో వానికి మరల వచ్చెను. ఎక్కడనో కలకత్తాలో కూర్చుండి గోదావరి డెల్టాకును కాబూలు సరిహద్దునకును ఒకే చేతితో శాసనములు వ్రాయు పద్ధతి కొంత సడలెను. పిమ్మట 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనమును గూర్చి తీర్మానము ప్రకటించెను. దాని ననుసరించి 1884లో మద్రాసు స్థానిక బోర్డుల చట్టము పుట్టెను. బాట, బావి, బడి, ఆసుపత్రి అను విషయములందు స్థానికులు కూర్చుండి మాటలాడుకొనుటకు దీనివలన ఒక చోటు దొరకెను.

1885లో కాంగ్రెసు మహాసభ వెలసెను. శాసనసభలను విస్తరింపుడని అది యేటేట కోరుచుండగా 1892లో రెండవ చట్టము వచ్చెను. దీనివలన సభ్యులు ఆయవ్యయములను చర్చింపవచ్చును, ప్రశ్నలు వేయవచ్చును. కాని ఆయవ్యయములపై వోటు చేయుటకు వీలులేదు. పురపాలక సంఘములు, జిల్లా బోర్డులు మొదలగునవి కొందఱి పేర్లను సూచింపగా ప్రభుత్వము వారిని నియమించును. ఎన్నిక యను మాటను మాత్రము చట్టములో వాడలేదు. చిత్తూరు ప్రాంతపు కట్టమంచిలో పుట్టి, 1891లో నాగపూరు కాంగ్రెసునకు అధ్యక్షత వహించిన పనంబాకం ఆనందాచార్యులు ఈ పద్ధతిననే వైస్రాయి శాసనసభలో సభ్యులైరి. 1902 మొదలు గోపాలకృష్ణ గోఖలే ఆ సభలో ఏటేట ఆయవ్యయములను విమర్శించుచు, బీదవాని యుప్పుపై నింత పన్ను న్యాయము కాదని వాదించెను. మణుగునకు రెండున్నర రూపాయలుగా నున్న ఉప్పుపన్ను 1903లో రెండు రూపాయలకును, 1905లో రూపాయిన్నరకును, 1907లో ఒక రూపాయికిని తగ్గెను. తగ్గించినది ప్రభుత్వమే, తన యిష్టముననే. అయినను లెక్కలను బహిరంగముగా విమర్శించు వాడొకడు సభలో కూర్చున్నచో ప్రభుత్వము సమాధానము చెప్పక తప్పదను సంగతి ఆ దినములలో తేటపడెను. వోటు లేకున్నను నోరు కొంత పనిచేసెను.

ఒక చేత పెట్టుట, ఒక చేత కొట్టుట : 1909

1905లో కర్జన్ ప్రభువు వంగదేశమును రెండు ముక్కలు చేయగా దేశమంతట వందేమాతరోద్యమము చెలరేగెను. ప్రభుత్వము రెండు చేతులతో రెండు పనులు చేసెను. ఒక చేత దండన, మఱొక చేత సంస్కరణ. తరువాతి కాలమున ఆంధ్ర గ్రంథాలయోద్యమమునకు పెద్దదిక్కైన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో రాజద్రోహ నేరముపై కారాగారమునకు పోయిరి. 1909లో మింటో–మార్లే సంస్కరణలు వచ్చెను. 1910లో పత్రికల నణచు చట్టము వచ్చెను. ఆ కాలపు చదువరికి ఈ మూడును ఒక దాని వెంట ఒకటి చేరిన వార్తలు.

1909 చట్టమువలన వైస్రాయి శాసనసభలో అదనపు సభ్యుల సంఖ్య అరువదికి పెరిగెను. అనుబంధ ప్రశ్నలు వేయుటకును, తీర్మానములు ప్రతిపాదించుటకును హక్కు కలిగెను. రాష్ట్ర శాసనసభలలో ఉద్యోగులు కానివారే అధిక సంఖ్యాకులైరి. కాని వైస్రాయి సభలో మాత్రము ఉద్యోగుల ఆధిక్యమునే నిలుపుకొనిరి. ఇండియాలో పార్లమెంటు పద్ధతిని స్థాపించుట తన యుద్దేశము కాదని మార్లే ప్రభువు 1908లోనే ప్రభువుల సభలో స్పష్టముగా చెప్పియుండెను.

ఈ యేర్పాటులోని బలమును, లోపమును ఒక్క బిల్లు చరిత్రలో చూడనగును. 1911లో గోఖలే ప్రాథమిక విద్యను క్రమక్రమముగా నిర్బంధము చేయవలెనని ఒక బిల్లును తెచ్చెను. పల్లెటూరి బిడ్డకు చదువు చెప్పించుట ప్రభుత్వపు విధి యను మాట దేశపు టత్యున్నత సభలో చర్చకు వచ్చుట సంస్కరణల బలము. 1912లో ఆ బిల్లు 13 వోట్లకు 38 వోట్లతో ఓడిపోవుట వాని లోపము. అడుగు హక్కు భారతీయునిది. కాదను హక్కు ఉద్యోగులది.

1909 చట్టము చేసిన పెద్ద కీడు మఱొకటి కలదు. ముసల్మానులు ముసల్మానులనే ఎన్నుకొనునట్లు ప్రత్యేక నియోజకవర్గములను అది యేర్పఱచెను. అల్పసంఖ్యాకులకు రక్షణ కావలెననుట న్యాయమైన కోరికయే. 1916లో లక్నోలో కాంగ్రెసును ముస్లిం లీగును ఒడంబడికకు వచ్చినపుడు కాంగ్రెసు వారును దీని నంగీకరించిరి. కాని వోటర్ల పట్టికలు వేఱైన పిమ్మట ఒకరి మంచి మరొకరికి అవసరము లేకపోయెను. పొరుగువాని వోటుతో పనిలేని అభ్యర్థి పొరుగువానిని మెప్పింప నక్కఱలేదు. 1947 నాటి దేశవిభజనకు కారణములు పెక్కు; వానిలో ఈ వేఱుపట్టికలు ఒకటి యని చెప్పక తప్పదు.

ఒక ఇంట రెండు పొయ్యిలు : 1919

మొదటి ప్రపంచ యుద్ధమున భారతీయ సైనికులు లక్షల సంఖ్యలో పాల్గొనిరి. 1917 ఆగస్టు 20వ తేదీన ఇండియా మంత్రి మాంటేగు, బాధ్యతాయుత ప్రభుత్వమును క్రమముగా స్థాపించుటయే తమ యుద్దేశమని పార్లమెంటులో ప్రకటించెను. మార్లే కాదన్న దానిని మాంటేగు ఔననెను. తొమ్మిదేండ్లలో ఇంత మార్పు వచ్చుట భారతీయుల యాందోళనమునకు జమ కట్టదగిన విషయము. కాని 1919 మార్చిలో, భారతీయ సభ్యులు వలదని మొఱపెట్టుచుండగనే, విచారణ లేకుండ నిర్బంధించుటకు వీలిచ్చు రౌలటు చట్టమును ప్రభుత్వము చేసెను. ఏప్రిల్ 13వ తేదీన అమృతసరమున జలియన్‌వాలా బాగులో నిరాయుధుల రక్తము పాఱెను. ఆ సంవత్సరాంతముననే క్రొత్త రాజ్యాంగ చట్టము వెలువడెను.

ఈ చట్టము రాష్ట్రములలో ద్వంద్వ ప్రభుత్వమును నెలకొల్పెను. విద్య, ప్రజారోగ్యము, స్థానిక స్వపరిపాలనము, వ్యవసాయము, పరిశ్రమలు, ఆబ్కారీ మొదలగు శాఖలు శాసనసభకు బాధ్యులైన మంత్రుల పాలికి వచ్చెను. భూమిశిస్తు, పోలీసు, న్యాయము, నీటిపారుదల, ఆర్థికము మొదలగు శాఖలు గవర్నరునకును ఆయన కార్యనిర్వాహక సభ్యులకును నిలిచెను. అనగా ఒక ఇంట రెండు పొయ్యిలు. బియ్యపు గాదె మాత్రము ఒకరి చేత.

దీని విడ్డూరమును అనుభవించి చెప్పినవాడు ఒక తెలుగువాడే. 1920 మొదలు 1923 వఱకు మద్రాసు రాజధానిలో అభివృద్ధిశాఖ మంత్రిగా నుండిన కూర్మా వెంకటరెడ్డి నాయుడు, ద్వంద్వ ప్రభుత్వమును గూర్చి విచారణ జరిగినపుడు తన స్థితిని దాపరికము లేక వివరించెను. ఆయన అభివృద్ధి మంత్రియే, కాని అడవులు ఆయన క్రింద లేవు. వ్యవసాయ మంత్రియే, కాని నీటిపారుదల ఆయన క్రింద లేదు. రైతులకిచ్చు తక్కావి ఋణములపై నాయనకు పెత్తనము లేదు. పరిశ్రమల మంత్రియే, కాని కర్మాగారములు, బాయిలర్లు, విద్యుచ్ఛక్తి, గనులు, కార్మికులు ఇతరుల శాఖలలో నుండెను. నీటిపై అధికారము లేని వ్యవసాయ మంత్రి రైతున కేమి చేయగలడో పల్లెవాసులకు వేఱుగ చెప్ప నక్కఱలేదు. దేవుడు వరమిచ్చినను పూజారి వరమియ్యడను సామెత ఇచ్చట అక్షరాల చెల్లెను. మంత్రి క్రింది పెద్ద యుద్యోగి మంత్రిని దాటి నేరుగా గవర్నరును కలిసికొనుటకు కూడ వీలుండెను.

బొక్కసపు సంగతి మఱింత కష్టము. క్రొత్త యేర్పాటు ననుసరించి రాష్ట్రములన్నియు కలిసి ఏటికి 983 లక్షల రూపాయలు కేంద్ర ప్రభుత్వమునకు చెల్లింపవలెనని మెస్టన్ సంఘము నిర్ణయించెను. అందు మద్రాసు వంతు 348 లక్షలు, అనగా మొత్తములో మూడవ వంతునకు మించినది. బొంబాయి వంతు 56 లక్షలు మాత్రమే. ఈ కప్పము మెల్లమెల్లగా తగ్గి 1928–29 నాటికి గాని పూర్తిగ తీరలేదు. బడులు పెట్టుడని మంత్రులకు చెప్పి, బడులకు కావలసిన ధనమును ముందుగనే తీసికొనిపోయినట్లయ్యెను. మంత్రుల శాఖలకు వచ్చు ఆదాయములలో ముఖ్యమైనది ఆబ్కారీ. బిడ్డ చదువు తండ్రి త్రాగుడుపై నాధారపడెను.

ధనమే గాక, సమ్మతి లేని స్వపరిపాలనము కూడ భారమేయని చీరాల–పేరాల ప్రజలు చూపిరి. పంచాయతీ యూనియనుగా నున్న ఆ గ్రామములను పురపాలక సంఘముగా మార్చి ప్రభుత్వము పన్నులు పెంచగా, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వమున ప్రజలు ఇండ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరమను పాకల పట్టణమును కట్టుకొని పదునొకండు నెలలు కష్టములు పడిరి. స్థానిక స్వపరిపాలనము అప్పటికి ప్రజాప్రతినిధియైన మంత్రి శాఖయే. ప్రతినిధి మంత్రియైనంత మాత్రమున ప్రజల మాట చెల్లదని ఆ పాకలు సాక్ష్యమిచ్చెను.

ఇంత చెప్పియు జమ పుటను మూసివేయుట న్యాయము కాదు. 1920లో మద్రాసు శాసనసభకు 98 మంది సభ్యులు ఎన్నుకొనబడిరి. వోటర్లు సుమారు పండ్రెండు లక్షలు. నాలుగు కోట్లకు పైబడిన జనములో ఇది స్వల్పమే. పట్టా భూమి గలవాడు, పన్ను కట్టువాడు వోటరు. కూలివానికి వోటు లేదు. అయినను పల్లెటూరి పట్టాదారు గడపకు వోటు అడుగ వచ్చినవాడు చేతులు జోడించుట తెలుగుదేశమున నాడే మొదలయ్యెను. 1921లో మద్రాసు శాసనసభ స్త్రీలకు వోటుహక్కు నిచ్చుటకు తీర్మానించెను. భారతదేశమున ఆ పని చేసిన మొదటి సభ యదియే. కాళహస్తి ప్రాంతీయులైన పానగల్లు రాజా పనగంటి రామారాయణింగారు 1921 మొదలు 1926 వఱకు ముఖ్యమంత్రిగా నుండిన కాలమున, ఉద్యోగములలో అన్ని కులములవారికి చోటు దొరకవలెనను ఉత్తరువు వెలువడెను. దేవాలయముల ధర్మాదాయములపై ప్రభుత్వపు పర్యవేక్షణ యేర్పడెను. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము పుట్టెను. కోశము చేత లేకున్నను శాసనము చేత నుండినందున సాధ్యమైన పనులివి. ఎక్కువ ధనము కోరని సంస్కరణ సాగెను. ధనము కోరిన సంస్కరణ ఆగెను. ద్వంద్వ ప్రభుత్వపు నిజస్వరూపమిదియే.

రాష్ట్రములలో స్వపరిపాలనము : 1935

1927లో ఒక్క భారతీయుడును లేని సైమన్ సంఘమును బ్రిటిష్ ప్రభుత్వము నియమించెను. 1928 ఫిబ్రవరిలో ఆ సంఘమును బహిష్కరించుచు మద్రాసులో హర్తాళము జరిగినపుడు టంగుటూరి ప్రకాశం పంతులు తుపాకుల యెదుట ఱొమ్ము చూపి నిలిచిరి. ఉప్పు సత్యాగ్రహము, లండనులో రౌండు టేబిలు సమావేశములు, 1932 నాటి మతవర్గ నిర్ణయము, దళితవర్గములకు ప్రత్యేక వోటర్ల పట్టికలకు బదులు 148 స్థానములు ప్రత్యేకించిన పూనా ఒడంబడిక, ఇవన్నియు గడచిన పిమ్మట 1935లో 321 సెక్షనులు, పది షెడ్యూళ్లు గల మహాచట్టము వచ్చెను.

దీని బలము మూడు విధములు. రాష్ట్రములలో రెండు పొయ్యిలు పోయి శాఖలన్నియు మంత్రుల క్రిందికి వచ్చెను. దేశమున వోటర్ల సంఖ్య సుమారు మూడు కోట్లకు పెరిగెను. కేంద్ర రాష్ట్రముల అధికారములను పట్టికలుగా విభజించి, ఫెడరల్ కోర్టును స్థాపించిరి. దీని లోపములును మూడు విధములు. గవర్నరునకు ప్రత్యేక బాధ్యతలను పేర మంత్రుల మాటను త్రోసిపుచ్చు అధికారముండెను. 93వ సెక్షను ననుసరించి ఆయన పరిపాలనము నంతటిని తన చేతిలోనికి తీసికొనవచ్చును. కేంద్రమున రక్షణ, విదేశ వ్యవహారములు వైస్రాయి చేతనే నిలిచి, కేంద్ర వ్యయమున అధికభాగము సభ వోటునకు వెలిగా నుండెను.

సంస్థానములతో కలిసి యేర్పడవలసిన ఫెడరేషను అసలు పుట్టనే లేదు. పుట్టియున్నచో కేంద్రపు దిగువ సభలోని 375 స్థానములలో 125 సంస్థానములకు పోయెడివి. ఆ స్థానములందు కూర్చుండువారిని నియమించువారు సంస్థానాధిపతులే గాని ప్రజలు కారు. తెలంగాణమున నైజాము క్రిందనున్న తెలుగువారికి ఈ సంస్కరణల నీడ కూడ సోకలేదు. అచ్చట బహిరంగ సభ జరుపుటకే ముందుగా అనుమతి కావలసియుండెను. 1901లో హైదరాబాదున వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వంటి గ్రంథాలయములే అచ్చటివారికి శాసనసభ చేయవలసిన పనిలో కొంత చేసెను.

1937 ఎన్నికలలో మద్రాసు శాసనసభలోని 215 స్థానములలో కాంగ్రెసునకు 159 వచ్చెను. గవర్నరు అడ్డుతగులడని మాట యిచ్చినగాని మంత్రిపదవులు వహింపమని కాంగ్రెసు పట్టుపట్టగా, ఏప్రిల్ మొదలు జూలై వఱకు తాత్కాలిక ముఖ్యమంత్రిగా నుండినవాడు ఆ కూర్మా వెంకటరెడ్డి నాయుడే. జూలై 14వ తేదీన రాజగోపాలాచారి మంత్రివర్గమేర్పడెను. ప్రకాశం పంతులు రెవెన్యూ మంత్రి. ద్వంద్వ ప్రభుత్వమున మంత్రులకు అందని భూమిశిస్తు శాఖ ఇపుడు ప్రజాప్రతినిధి చేతికి వచ్చెను.

ఆ ఇరువదియేడు నెలలలో జరిగిన పనులను చూచినచో 1935 చట్టము కేవలము కంటితుడుపని చెప్పుటకు వీలులేదు. 1938 నాటి రైతు ఋణ విమోచన చట్టము ననుసరించి 1932 అక్టోబరు 1వ తేదీకి పూర్వపు ఋణములపై, 1937 అక్టోబరు 1 నాటికి నిలిచియున్న వడ్డీ రద్దయ్యెను. అసలునకు రెట్టింపు సొమ్ము ముట్టియున్నచో ఋణమే తీరినట్లయ్యెను. ధాన్యపు ధర పడిపోయి పత్రములు తిరుగవ్రాసి తిరుగవ్రాసి విసిగిన కుటుంబములకు ఇది ప్రాణము పోసిన శాసనము. 1937లో సేలము జిల్లాలోను, 1938లో కడప, చిత్తూరు జిల్లాలలోను మద్యనిషేధము వచ్చెను. దానివలన తగ్గిన ఆదాయమును పూరించుటకు 1939లో అమ్మకపు పన్ను పుట్టెను. సొంత కోశమును సొంతముగా దిద్దుకొను నేర్పును ప్రజాప్రతినిధులు చూపిన తొలి సందర్భములలో ఇది యొకటి.

కాని మంచి చెడ్డలు రెండును చెప్పవలెను. 1938లో హిందీ వ్యతిరేకోద్యమము నణచుటకు ఆ మంత్రివర్గమే, మునుపు కాంగ్రెసు వారిని శిక్షించుటకై పుట్టిన క్రిమినల్ సవరణ చట్టమును ప్రయోగించెను. పరాయివాడు విడిచిన కఱ్ఱ సొంతవాని చేతికి వచ్చినను దెబ్బ దెబ్బయే. 1938లో మద్రాసు శాసనసభ ఆంధ్రాది భాషారాష్ట్రముల కొఱకు తీర్మానించినను బ్రిటిష్ ప్రభుత్వము సమ్మతింపలేదు. ఒరిస్సా, సింధు రాష్ట్రములు 1936లోనే ఏర్పడగా ఆంధ్రులు 1953 వఱకు వేచియుండవలసి వచ్చెను.

జమీందారీ రైతు సాక్ష్యము

సంస్కరణల బలాబలములను తూచుటకు అన్నిటికంటె మంచి త్రాసు జమీందారీ రైతుల చరిత్ర. 1937–38లో ఇచ్ఛాపురమునుండి మద్రాసు వఱకు రైతులు కాలినడకన పోయి తమ బాధలను విన్నవించుకొనిరి. ప్రకాశం పంతులు అధ్యక్షతను ఏర్పడిన విచారణ సంఘము ఊరూర సాక్ష్యములు తీసికొని, భూమికి యజమాని రైతే గాని జమీందారు శిస్తు వసూలుదారు మాత్రమేయని 1938లో నివేదించెను. 1939 ఆరంభమున శాసనసభ ఆ నివేదికను ఆమోదించెను. సంస్కరణలే లేకున్నచో ఆ విచారణయు లేదు, ఆ తీర్మానమును లేదు.

కాని శాసనము కాలేదు. 1939 సెప్టెంబరు 3వ తేదీన, భారతీయుల నొక్క మాటయైన అడుగకుండ, ఇండియా యుద్ధములో చేరినదని వైస్రాయి ప్రకటించెను. అక్టోబరులో మంత్రివర్గములు రాజీనామా లిచ్చెను. 93వ సెక్షను ననుసరించి గవర్నరు మద్రాసు పాలనమును చేపట్టి 1946 వఱకు నడపెను. రైతు పోయి కూర్చుండిన వాకిలి ఆఱున్నర యేండ్లు మూతపడెను. రాజీనామా ఇచ్చినవారు మంత్రులే యైనను, వారి నా స్థితికి తెచ్చినది 1935 చట్టములోని అసలు లోపము. రాష్ట్రపు టిల్లు మంత్రులది; ఇల్లు నిలిచిన నేల వైస్రాయిది.

1946లో ఎన్నికలు మరల జరిగెను. చట్టము 1935 నాటిదే. వోటుహక్కు నాటిదే, కూలివానికి అప్పుడును వోటు లేదు. కాని 1947 ఆగస్టు 15వ తేదీతో పైవాని పెత్తనము తొలగెను. 1948లో ఆ శాసనసభయే జమీందారీల రద్దు చట్టమును చేసెను. అదే కట్టడపు సభ, అదే తీరు వోటర్లు, అదే కోరిక. 1939లో తీర్మానముగా మిగిలినది 1948లో శాసనమైనది. మారినదొక్కటే: తుదిమాట చెప్పువాడు.

నిల్వ

ఈ లెక్క ముగించినచో తేలు నిల్వ యిది. ఐదు సంస్కరణలును భారతీయులకు నోరిచ్చెను. ప్రశ్న వేయుట, పట్టికలు చదువుట, తీర్మానము వ్రాయుట, ఓడినను మరల లేచి వాదించుట అను విద్యలు వానివలన అలవడెను. ఆ యభ్యాసము లేకున్నచో 1950 నాటి రాజ్యాంగము అంత సుళువుగ నడక సాగించెడిది కాదు. అందు 1935 చట్టపు కట్టుబాట్లు పెక్కు చేరియున్నవి. గవర్నరు పదవి, ఆర్డినెన్సు, అధికారముల పట్టికలు అచ్చటివే. కాని అడుగడుగున ఇచ్చినది ఆందోళనమునకు లొంగి. ఇచ్చినప్పుడెల్ల తాళపుచెవి ఒకటి దాచుకొని. వేఱుపట్టికలచేత జనులను వేఱుచేసి, బాధ్యతను ముందిచ్చి ధనమును వెనుక నిలిపిరి. ధృతరాష్ట్రుడు పాండవులకు అర్ధరాజ్యమని చెప్పి ఇచ్చినది ఖాండవప్రస్థము. అడవిని ఇంద్రప్రస్థముగా మార్చినది ఇచ్చినవాని ఔదార్యము కాదు, పుచ్చుకొన్నవారి శ్రమ.

1951–52 ఎన్నికలలో వోటర్లు పదునేడు కోట్లకు మించిరి. పట్టా లేనివాడును, అక్షరము రానివాడును, స్త్రీయు పురుషుడును సమముగ వరుసలో నిలిచిరి. ఇంగ్లీషువారు ఐదు చట్టములలో చేయని ఈ పనిని స్వతంత్ర భారతము మొదటి చట్టముననే చేసెను. శాసనసభ అనుమతి లేనిదే పన్ను లేదనియు, శాసనసభ అనుమతి లేనిదే వ్యయము లేదనియు రాజ్యాంగము విధించెను. కోశము ప్రజల చేతికి వచ్చెను.

గ్రంథాలయములును ఈ కథలోనివే. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య మొదలగువారు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును నెలకొల్పినపుడు వారికి దిక్కు చందాలే. 1948లో, జమీందారీలు రద్దయిన యేటనే, మద్రాసు శాసనసభ గ్రంథాలయ చట్టమును చేసి, ప్రజల పన్నులో నొక చిన్న భాగమును గ్రంథాలయములకు ప్రత్యేకించెను. 1960లో ఆంధ్రప్రదేశ్ శాసనసభయు అట్టి చట్టమునే చేసెను. కోశము చేతికి వచ్చినచో పల్లెకు పుస్తకము కూడ వచ్చునని ఇందువలన తెలియుచున్నది.

ఈ విచారణ గతించినవారి లెక్కతో ముగియునది కాదు. 1992 నాటి రాజ్యాంగ సవరణ గ్రామ పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పట్టికగా వ్రాసెను. పట్టిక చదివి సంతోషించుటకు ముందు కూర్మా వెంకటరెడ్డి నాయుని తలచుకొనవలెను. విషయముతో కూడ నీరు వచ్చెనా? ఉద్యోగి వచ్చెనా? ధనము వచ్చెనా? ఇంటిపన్ను రసీదులో గ్రంథాలయ పన్ను అని యొక వరుస యుండును. ఆ వరుసలోని పైకము గ్రంథాలయము చేరినదో లేదో అడుగు హక్కు నేటి గ్రామస్థునకు కలదు. తాళపుచెవి చేతికి వచ్చినవాడు అప్పుడప్పుడు పెట్టె తెఱచి చూచుకొనవలెను.